చెర్రీ ష్రింప్ రంగు వెలిసిపోకుండా నిలబెట్టుకోవడం ఎలా?

అక్వేరియంలో పెంచే చిట్టి రంగు రొయ్య చెర్రీ ష్రింప్. దాని గురించి ఈ ప్రశ్న అడిగేవాళ్లు రెండు రకాలు. "షాపులో ఎర్రగా నిగనిగలాడిన ష్రింప్, మా ట్యాంకులో పడ్డ వారానికే పాలిపోయింది" అనేవాళ్లు ఒకరు. "తెచ్చినవి ఇప్పటికీ బాగానే ఉన్నాయి, వాటి పిల్లల పిల్లలే రంగు లేకుండా పుడుతున్నాయి" అనేవాళ్లు ఇంకొకరు. షాపులో ఇద్దరికీ చేతిలో పెట్టేది ఒకటే, రంగు పెంచే మేత డబ్బా. మొదటివాళ్లకు అది కొద్దో గొప్పో పనిచేస్తుంది. రెండోవాళ్లకు డబ్బు దండగ.

ఎందుకంటే రంగు రెండు చోట్ల పోతుంది. ఇప్పుడు మీ కళ్ల ముందున్న రొయ్య ఒంటి మీద పోవడం ఒకటి. దానికి నీళ్లు, నేల, మేత, బెదురు కారణం. తరాలు మారేకొద్దీ వంశంలోనే పోవడం ఇంకొకటి. దానికి ఏది ఏదానితో జతకడుతోందో మీరు చూసుకోకపోవడమే కారణం. మనం పెంచే చెర్రీ ష్రింప్ అసలు జాతి నియోకారిడైనా డేవిడి. చైనా, తైవాన్ వాగుల్లో అది గోధుమ, ఆకుపచ్చ కలిసిన నీరుకావి రంగులో, రాళ్లలో కలిసిపోయి ఉంటుంది. ఎరుపు, నీలం, పసుపు, నారింజ, నలుపు అన్నీ మనుషులు ఏరి ఏరి నిలబెట్టినవే. ఏరడం ఆపితే అది మెల్లగా వాగు రంగుకే తిరిగి వెళ్తుంది.

క్రిస్టల్ రెడ్, బ్లాక్ బీ లాంటివి కారిడైనా అనే వేరే ప్రజాతి రొయ్యలు. వాటిని పెంచేవాళ్లకు ఒక మాట. వాటికి మెత్తటి (లవణాలు తక్కువున్న), కాస్త ఆమ్లగుణమున్న నీళ్లు కావాలి కాబట్టి కింద నీళ్ల దగ్గర చెప్పిన అంకెలు మీకు పనికిరావు. ఏరివేత గురించి చెప్పినదంతా పనికొస్తుంది. అసలు క్రిస్టల్ రెడ్ పుట్టిందే అలా. 1990లలో జపాన్‌లో హిసాయాసు సుజుకి అనే ఆయన తన నలుపు తెలుపు బీ ష్రింప్ మధ్య కనిపించిన ఎర్రదాన్ని వదిలిపెట్టకుండా, దాని సంతానాన్ని ఏరుతూ పోయారు.

ముందు మీ సమస్య ఏదో తేల్చుకోండి

పెద్దవన్నీ ఒకేసారి పాలిపోతే నీళ్లు, నేల లేదా బెదురు కారణం. 1 నుంచి 4 వరకు ఉన్న మెట్లు చూడండి.

పెద్దవి బాగుండి, పెరిగిన పిల్లలు మాత్రం వెలవెలబోతుంటే 5 నుంచి మొదలుపెట్టండి.

ట్యాంకులో సగం మాత్రమే పాలిపోయి, సన్నగా, చిన్నగా, ఎప్పుడూ ఈదుతూ కనిపిస్తే అవి మగవి. ఏ జబ్బూ లేదు. అడిగేవాళ్లలో చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

ఒళ్లు పారదర్శకంగా కాకుండా లోపలి కండ పాలలా తెల్లబడితే అది రంగు సంగతి కాదు, జబ్బు. దాన్ని వెంటనే వేరే గిన్నెలోకి మార్చండి.

కావలసినవి

- ట్యాంకులు రెండు. మొదటిది 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే చాలు, సుమారు 57 లీటర్లు. రెండోది 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్ అయినా ఫర్వాలేదు. రెండో ట్యాంకు లేకుండా ఏరివేత కుదరదు, ఇందులో మొహమాటం లేదు.
- రెండింటికీ స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీ పంపు ఒకటి.
- నల్ల ఇసుక లేదా ముదురు రంగు సన్న గులకరాళ్లు.
- టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటర్, థర్మామీటర్, చుక్కలు వేసి చూసే జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం లెక్క), కేహెచ్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బనేట్ల లెక్క) టెస్ట్ కిట్. అమ్మోనియా, నైట్రైట్ కిట్ కూడా ఉంటే మంచిది. కాగితపు స్ట్రిప్పులతో అంచనా తప్ప లెక్క తేలదు.
- జావా మాస్ (నీళ్లలో గుబురుగా పెరిగే చిన్న మొక్క), ఎండి రాలిన బాదం ఆకులు. మన వీధుల్లో గొడుగులా పెరిగే బాదం చెట్టువే.
- తెల్లటి ప్లాస్టిక్ గిన్నె, టార్చ్ లైటు, మెత్తటి చిన్న వల, స్టీలు కాకుండా ప్లాస్టిక్ గరిటె లేదా కప్పు.
- ఒక నోటు పుస్తకం. ఇది అలంకారానికి కాదు, చివర్లో దీని పనుంది.

ట్యాంకు కొత్తదైతే ఫిల్టర్ పెట్టి 4 నుంచి 6 వారాలు ఆడనివ్వండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే రొయ్యలను దించండి.

1. నేలను నల్లగా చేయండి

రొయ్య పెంకు కింద రంగు కణాలు ఉంటాయి. చుట్టూ ముదురుగా ఉంటే ఆ కణాల్లో రంగు పరుచుకుంటుంది, తెల్లగా ఉంటే ముడుచుకుంటుంది. ఎవరి కంటా పడకుండా ఉండటానికి దానికున్న తెలివి అది. మీరేమో తెల్ల గులకరాళ్లు, నీలం గాజు గోళీలు పరిచి, కింద ఎల్‌ఈడీ పెట్టి ఎరుపు రాలేదంటారు.

నేల నల్లగా ఉండాలి. వెనక అద్దానికి నల్ల చార్టు అంటించండి. లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు, మాస్‌తో దాక్కునే చోట్లు ఉండాలి. మార్పు కొన్ని గంటల్లో మొదలై, వారంలోపు స్పష్టంగా కనిపిస్తుంది. వారం దాటినా తేడా లేకపోతే కారణం నేల కాదు, తర్వాతి మెట్టుకు వెళ్లండి.

నేల మార్చేటప్పుడు అంతా ఒకేసారి తవ్వకండి. అడుగున పేరుకున్న మురికి లేస్తే అమ్మోనియా పెరుగుతుంది. రోజుకు కొంచెం చొప్పున మార్చండి, లేదా రొయ్యలను అదే నీళ్లతో టబ్‌లోకి మార్చి చేయండి.

షాపులో కొనేటప్పుడు కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. అక్కడ నల్ల నేల, ఎరుపును ఎత్తి చూపే రంగు లైటు ఉంటాయి. లైటు ఆపమని అడిగి, మామూలు వెలుతురులో చూశాకే డబ్బివ్వండి.

2. నీళ్లు సరిచేయండి

చెర్రీ ష్రింప్‌కు సరిపడే అంకెలు ఇవి: పీహెచ్ 6.8 నుంచి 7.6, జీహెచ్ 6 నుంచి 8, కేహెచ్ 2 నుంచి 5, టీడీఎస్ 180 నుంచి 250, వేడి 22 నుంచి 26 డిగ్రీలు, నైట్రేట్ 20 పీపీఎం లోపు. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. కొంచెం అటూ ఇటూ అయినా బతుకుతాయి. రోజుకో రకంగా మారితే మాత్రం బతకవు. బెదిరిన రొయ్య ముందు రంగు వదులుతుంది, తర్వాత ప్రాణం.

హైదరాబాద్‌లో అపార్టుమెంట్ల బోరు నీళ్లు టీడీఎస్ 600, కొన్నిచోట్ల 1000 దాటి ఉంటాయి. ఇంట్లో ఆర్‌వో నీళ్లేమో 50 దగ్గర ఉంటాయి. రెంటిలో ఏదీ నేరుగా పనికిరాదు. కలుపుకోవడమే మార్గం. మీ బోరు 600, ఆర్‌వో 50 అనుకుందాం. బోరు ఒక వంతు, ఆర్‌వో మూడు వంతులు కలిపితే 187 వస్తుంది. అక్కడి నుంచి జీహెచ్ కిట్‌తో చూసి సరిచేసుకోండి. మీ బిల్డింగ్‌లో నీళ్ల ల్యాబ్ రిపోర్టు ఉంటే అందులోని హార్డ్‌నెస్ అంకెను 18తో భాగిస్తే జీహెచ్ వస్తుంది. 400 అని ఉంటే సుమారు 22 అన్నమాట.

కలపడం ఇష్టం లేకపోతే ఆర్‌వో నీళ్లలో ష్రింప్ కోసం అమ్మే జీహెచ్, కేహెచ్ పొడి కలుపుకోండి. ఖర్చు ఎక్కువ, కానీ ప్రతిసారీ ఒకే అంకె వస్తుంది. బోరు నీళ్ల లక్షణం వానాకాలానికి, ఎండాకాలానికి మారిపోతుంది. ఆ తిప్పలు దీనితో తప్పుతాయి.

ఇక్కడ నాలుగు గోతులు ఉన్నాయి, చూసి అడుగేయండి.

సాఫ్ట్‌నర్ పెట్టిన నీళ్లు: చాలా అపార్టుమెంట్లలో ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ ఉంటుంది. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి సోడియం కలుపుతుంది. టీడీఎస్ మీటర్ 600 చూపిస్తూనే ఉంటుంది, జీహెచ్ మాత్రం సున్నా దగ్గర ఉంటుంది. అలాంటి నీళ్లలో రొయ్యకు పెంకు కట్టుకోవడానికి సరుకే ఉండదు. మీటరొక్కటే నమ్మేవాళ్లు పడేది ఈ గోతిలోనే. బోరు నీళ్లు సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి పట్టుకోండి.

రాగి కలిపే ప్యూరిఫైయర్: ఆరోగ్యానికని నీళ్లలో రాగి కలిపే ఆర్‌వో మెషిన్లు ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి. నీళ్లలో కరిగిన రాగి రొయ్యలకు విషం. అలాంటి మెషిన్ ఉంటే రాగి కార్ట్రిడ్జ్‌కు వెళ్లకముందే నీళ్లు పట్టుకునే ఏర్పాటు చేయించుకోండి, లేదా బయట డబ్బా నీళ్లు తెచ్చుకోండి. రాగి బిందెలో నిలవ చేసిన నీళ్లూ వద్దు. చేపల మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, సీసా మీద చదవకుండా ఏదీ పోయకండి.

మున్సిపల్ నీళ్లు: క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు గాలి కొట్టిస్తే పోతుంది, కానీ క్లోరమైన్ (అమ్మోనియాతో కలిసిన క్లోరిన్) అయితే పోదు. యాంటీ క్లోరిన్ వేయడమే మేలు.

దోమల మందు: కాయిల్, లిక్విడ్ మెషిన్, స్ప్రే, మూడింట్లోనూ ఉండే పురుగుమందు రొయ్యలను కూడా పురుగుల్లాగే చంపుతుంది. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీళ్లలోకి తోస్తుంది. ట్యాంకున్న గదిలో దోమతెర వాడండి. వీధిలో ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసి, పొగ తగ్గేదాకా పంపు ఆపండి.

నీళ్లు మార్చడం వారానికి 10 నుంచి 15 శాతం మించకూడదు. కొత్త నీళ్ల వేడి, టీడీఎస్ పాతవాటికి దగ్గరగా ఉండాలి. సన్నటి ట్యూబుతో చుక్కచుక్కగా వదలండి. బకెట్టు ఎత్తి గుమ్మరిస్తే, సిద్ధంగా లేని రొయ్య కూడా పెంకు విడవడానికి ప్రయత్నించి మధ్యలో ఇరుక్కుపోతుంది. తల వెనక తెల్లటి వలయం కనిపించి చనిపోయేవి చాలావరకు అలాంటివే. కొత్త రొయ్యలను తెచ్చినప్పుడు కూడా గంటన్నర, రెండు గంటలు చుక్కచుక్కగా అలవాటు చేశాకే వదలండి.

3. ఎండాకాలం దాటించండి

ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 31, 32 డిగ్రీలకు చేరతాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. ఆడవి గుడ్లు రాల్చేస్తాయి. బతికినవీ వెలవెలబోతాయి.

మూత తీసి, నీటి మట్టానికి అడ్డంగా చిన్న ఫ్యాను పెట్టండి. 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్, అనంతపురం పొడి వేడికి ఈ చిట్కా బాగా పనిచేస్తుంది, విజయవాడ, విశాఖ ఉక్కపోతలో అంతగా కాదు. అక్కడివాళ్లు ట్యాంకును ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదికి, నేలకు దగ్గరగా మార్చుకోవడం మేలు. ఐసు సీసాలు పడేయకండి. ఒక్కసారిగా 5 డిగ్రీలు పడిపోయి, సీసా కరగ్గానే మళ్లీ పెరగడం నిలకడగా 29 ఉండటం కంటే చెడ్డది.

ఫ్యాను పెడితే నీళ్లు ఆవిరవుతాయి, లవణాలు అలాగే మిగిలిపోతాయి. తగ్గినంత మేరకు ఒట్టి ఆర్‌వో నీళ్లే పోయండి. కలిపిన నీళ్లు పోస్తే నెల తిరిగేసరికి టీడీఎస్ 400 చూపిస్తుంది.

4. మేత: కావలసినంతే

ఎరుపుకు మూలమైన కెరోటినాయిడ్లను రొయ్య సొంతంగా తయారుచేసుకోలేదు. నాచు నుంచి, ఆకుల నుంచి, మేత నుంచి తీసుకుని తన ఒంట్లో మార్చుకుంటుంది. కాబట్టి మేత ముఖ్యమే. అయితే వంశంలో లేని రంగును మేత తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని బయటికి తెస్తుంది. నీలం రకానికి ఎరుపు పెంచే గుళికలు వేసేవాళ్లూ ఉన్నారు, అడిగితే డబ్బా మీద 'కలర్' అని రాసుంది అంటారు.

పాతబడ్డ ట్యాంకులో నాచు, పాకుడే అసలు తిండి. ముందు అద్దం తప్ప మిగతా అద్దాలు తుడవకండి. పైన వేసేవి వారానికి ఇలా సరిపోతాయి: రెండు రోజులు స్పిరులినా (ఒక రకం నాచు) లేదా అస్టాజాంథిన్ (ఎరుపునిచ్చే కెరోటినాయిడ్) ఉన్న గుళికలు, ఒక రోజు నిమిషంపాటు వేడినీళ్లలో ఉడికించిన పాలకూర లేదా మునగాకు, ఒక రోజు గుమ్మడి ముక్క లేదా క్యారెట్. మిగతా రోజులు పస్తు. బాదం ఆకు ఎప్పుడూ ఒకటి నీళ్లలో ఉండనివ్వండి. రెండు మూడు గంటల్లో తినలేనిది తీసేయండి. విడిచిన పెంకులు మాత్రం తీయకండి, వాటినీ తింటాయి.

బజారు కూరగాయలకు పురుగుమందు భయం ఉంది. పెరటి మునగ, కుండీలో పెంచిన పాలకూర ఉంటే నిశ్చింత. లేకపోతే ఒలిచి వేయగలిగిన గుమ్మడి, క్యారెట్‌తో సరిపెట్టుకోండి.

భీమవరం, నెల్లూరు వైపు వాళ్లు తప్పకుండా అడిగేది: "చెరువులో వనామికి వేసే మేత వేయొచ్చా?" వేయకండి. అది రొయ్యను తొందరగా తూకానికి తేవడానికి చేసిన మేత, మాంసకృత్తులు ఎక్కువ. 50 లీటర్లలో రెండు చిటికెలకే నీళ్లు చెడతాయి. మార్కెట్ రొయ్య తలలు, పొట్టు కూడా అసలు వేయొద్దు. వైట్ స్పాట్ వైరస్ అనేక రకాల రొయ్యలకు, పీతలకు సోకుతుంది. చెరువు దగ్గరి వలలు, బకెట్లు ట్యాంకులో ముంచకండి.

మేత డబ్బా వెనక కాపర్ సల్ఫేట్ అని చిన్న అక్షరాల్లో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థానికి రాగి కావాలి. ఆ సూక్ష్మ మోతాదు వేరు, నీళ్లలో కరిగిన రాగి వేరు.

5. ఆడ, మగ గుర్తుపట్టండి

ఇక్కడి నుంచి వంశం పని. పెరిగిన ఆడది 2.5 నుంచి 3 సెంటీమీటర్లు ఉంటుంది, పొట్ట కింది అంచు గుండ్రంగా దిగి ఉంటుంది, రంగు చిక్కన. తల వెనక వీపు మీద పసుపు లేదా ఆకుపచ్చ మచ్చ జీనులా కనిపిస్తే గుడ్లు తయారవుతున్నట్టు. మగది సన్నగా, పొట్ట అంచు తిన్నగా, రంగు పలచన. మంచి వంశంలోనూ మగది ఆడదాని కంటే ఒక మెట్టు తక్కువే ఉంటుంది.

కొనేటప్పుడు జరిగే పొరపాటు ఇక్కడే పుడుతుంది. "ఎర్రగా ఉన్నవే ఏరి ఇవ్వండి" అంటారు. షాపువాడు పది పెద్ద ఆడవాటిని కట్టి ఇస్తాడు. మూడు నెలలైనా పిల్లల్లేవు, ఆపైన ముసలివి కావడంతో ఒక్కొక్కటే పోతాయి. వీటి ఆయుష్షే ఏడాది నుంచి రెండేళ్లు. ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న పిల్లలు 15 నుంచి 20 తీసుకోండి, ఆడవీ మగవీ వాటంతట అవే వస్తాయి.

6. ఏరివేత

మంచి కంకి చూసి విత్తనానికి దాచుకునే రైతు పద్ధతే ఇది. ఒక్క తేడా, ఇక్కడ తండ్రిని కూడా మీరే ఎంచుకోవచ్చు. ఆ అవకాశాన్నే చాలామంది వదులుకుంటారు. మగవి ఎలాగూ పాలిపోయి ఉంటాయి కదా అని అన్నిటినీ అలాగే ఉంచేస్తారు. పిల్లకు సగం వారసత్వం వాటి నుంచే వస్తుంది. ఏళ్ల తరబడి ఆడవాటినే ఏరినా రంగు ముందుకు పోకపోవడానికి కారణం ఇదే.

గుడ్లు మోసిన ఆడది మూడు నాలుగు వారాల్లో 20 నుంచి 30 పిల్లలు పెడుతుంది. పుట్టినప్పుడు అన్నీ దాదాపు రంగు లేకుండానే ఉంటాయి. వాటిని చూసి దిగులు పడకండి, ఏరకండి. రెండు జల్లెళ్లు పట్టాలి.

మొదటి జల్లెడ: పిల్ల సెంటీమీటరు దాటాక, సుమారు ఆరు వారాలకు. గోధుమ రంగువి, అసలు రంగే ఎక్కనివి మాత్రమే తీసేయండి. అనుమానం ఉన్నవి ఉండనివ్వండి.

రెండో జల్లెడ: రెండున్నర, మూడు నెలలకు, ఆడవాటికి వీపు మీద మచ్చ కనిపిస్తున్నప్పుడు. ఇప్పుడు కఠినంగా చూడండి. జతకట్టే వయసు ఇదే కనుక ఆలస్యం చేయకూడదు.

చూడాల్సిన చోట్లు, ప్రాధాన్యం ప్రకారం: పక్కల పెంకులో అవతలి పక్క కనిపించే కిటికీలు ఉన్నాయా, పొట్ట పలకల కింది అంచు దాకా రంగు దిగిందా, కాళ్లకు రంగు ఉందా, ఒళ్లంతా ఒకే చిక్కదనమేనా. పెయింటెడ్ ఫైర్ రెడ్ అని అమ్మే మేలు రకంలో ఆడదాని కాళ్లు కూడా ఎర్రగా, ఒళ్లు వెలుతురు చొరకుండా ఉంటుంది. మామూలు చెర్రీలో మచ్చలు, కిటికీలు సహజం. మీరు మామూలు చెర్రీతో మొదలుపెట్టి కాళ్ల దగ్గర పేచీ పెట్టకండి, ముందు కిటికీలు మూయించండి. కాళ్లు తర్వాతి తరాల సంగతి.

మగవాటిని మగవాటితోనే పోల్చండి. వీపంతా సమంగా రంగు పట్టినవి ఉంచి, తల దగ్గర కాస్త ఎరుపుండి మిగతాదంతా ఖాళీగా ఉన్నవి తీసేయండి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉంటే చాలు, కానీ మొత్తం మగవి ఆరుకు తగ్గనివ్వకండి. అన్నిటికంటే ఎర్రటి ఒక్క జతనే ఉంచుకుని మిగతావి తీసేస్తే, కొన్ని తరాల్లో గుడ్లు తగ్గి, పిల్లలు బలహీనపడి, వంశమే కుంగిపోతుంది. మొదటి విడత పై సగం ఉంచండి. తర్వాత తర్వాత మూడో వంతుకు బిగించండి.

పట్టుకునే పద్ధతి కూడా లెక్కలోకి వస్తుంది. వలతో తరిమితే బెదిరి రంగు వదులుతాయి, మీరు మంచివాటిని కూడా చెత్తలో వేస్తారు. మేత పళ్లెంలో గుళిక వేసి అరగంట ఆగండి, అన్నీ అక్కడికే చేరతాయి. టార్చ్ వేసి ముందు ట్యాంకులోనే చూసి నిర్ణయించుకుని, తర్వాత కప్పుతో తీయండి. తెల్ల గిన్నెలోకి తీశాక ఎక్కువసేపు ఉంచి తీర్పు చెప్పకండి, నిమిషాలు గడిచేకొద్దీ అన్నీ పాలిపోతాయి. రెంటిని పోల్చాలంటే ఒకేసారి గిన్నెలో వేసి వెంటనే చూడండి. ఈ మధ్యే పెంకు విడిచినదాన్ని ఆ వారం వదిలేయండి.

గుడ్లు మోస్తున్న ఆడది రంగులో తక్కువైనా దాన్నీ రెండో ట్యాంకుకు పంపాల్సిందే. పాపం అనిపించినా, అది ఇక్కడే ఉంటే ఆ పాతిక పిల్లలను తర్వాత ఏరాల్సింది మీరే. తరమకుండా కప్పుతో నీళ్లతో పాటు ఎత్తండి, లేకపోతే గుడ్లు రాలుస్తుంది.

చేపలతో కలిపి పెంచేవాళ్లకు ఏరివేత తిరగబడుతుంది. గప్పీలు, ఏంజెల్స్ పిల్ల రొయ్యలను తింటాయి. ముందు తినేది కంటికి ఆనేదాన్నే. నిగనిగలాడేది పోయి, నేలలో కలిసిపోయేది మిగులుతుంది. వంశం నిలబెట్టాలంటే రొయ్యల ట్యాంకులో చేపలు వద్దు.

7. ఒక ట్యాంకులో ఒకే రంగు

ఎరుపు, నీలం, పసుపు కలిపి వేస్తే చూడ్డానికి పండగే. అన్నీ ఒకే జాతి, కలిసి పిల్లల్ని కంటాయి. రంగురంగుల పిల్లలు రావు, ఎక్కువగా గోధుమవే వస్తాయి. నియోకారిడైనా, కారిడైనా మాత్రం ఒకదానితో ఒకటి కలవవు, కానీ వాటి నీళ్లూ కలవవు.

ఇప్పటికే కలిపేసి ఉంటే రెండు దారులు. వాటిని అలాగే సరదాకు ఉంచుకుని, వంశం కోసం కొత్తగా ఒకే రంగువి తెచ్చుకోవడం మొదటిది. కలిసినవాటి నుంచి మళ్లీ ఎరుపును విడదీయడం రెండోది. నా సలహా మొదటిదే. రెండోదానికి ఓపికే కాదు, నాలుగైదు ట్యాంకులు కావాలి.

8. ఏడాదికోసారి కొత్త నెత్తురు

ఒకే గుంపులో తరాలు తిరిగితే రంగు నిలిచినా ఒంట్లో సత్తువ తగ్గుతుంది. ఏడాదికోసారి వేరే పెంపకందారు దగ్గర అదే రకం నాలుగైదు తెచ్చుకోండి. నేరుగా వదలకండి. నెలరోజులు రెండో ట్యాంకులో విడిగా ఉంచి, తల మీద తెల్లటి నూగు, పొట్ట కింద గుడ్లు కాని ఆకుపచ్చ ముద్ద లాంటివి లేవని చూడండి.

ఆ తర్వాత కూడా పేరును నమ్మకండి. ఎర్రగా ఉన్నవన్నీ ఒకే వంశం కాదు. బ్లడీ మేరీ, ఫైర్ రెడ్ రెండూ ఎర్రవే, వచ్చిన దారులు వేరు. కొత్త మగవాటిని మీ మూడు ఆడవాటితో విడిగా జతకట్టించి పిల్లలను చూడండి. మొదటి తరం ఎర్రగా వచ్చిందని తొందరపడొద్దు. దాగి ఉన్న గుణం తోబుట్టువులు జతకట్టిన రెండో తరంలో బయటపడుతుంది. అందులోనూ గోధుమవి రాకపోతే అప్పుడు పెద్ద ట్యాంకులో కలపండి. ఆరు నెలల పైమాటే, అయినా మంచి గుంపును పాడుచేసుకుని మళ్లీ మొదలుపెట్టడం కంటే నయం.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

కంటి జ్ఞాపకం నమ్మదగ్గది కాదు. మూడు నెలలకోసారి ఒకే లైటు కింద, ఒకే సమయంలో, ట్యాంకులో తెల్ల పింగాణీ ముక్క ఒకటి పక్కన పెట్టి ఫోటో తీయండి. ఫోన్ కెమెరా ఎరుపును ఇష్టమొచ్చినట్టు పెంచుతుంది. తెల్ల ముక్క తెల్లగానే ఉంటే ఆ ఫోటోను నమ్మవచ్చు.

నోటు పుస్తకంలో రాయాల్సింది కొంచెమే. రెండో జల్లెడ పట్టిన ప్రతిసారీ 20 పిల్లలను వరుసగా చూసి, కిటికీలు ఉన్నవి ఎన్ని, గోధుమవి ఎన్ని, మగవాటిలో సమంగా రంగు పట్టినవి ఎన్ని అని అంకెలు వేయండి. పక్కన ఆ రోజు టీడీఎస్, వేడి.

కిటికీలున్నవి తరం తరానికి తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టు. రెండు తరాలు గడిచినా అంకె కదలకపోతే మగవాటి ఏరివేత సరిగా జరగడం లేదు. ఎప్పుడూ లేని గోధుమవి ఒక్కసారిగా కనిపిస్తే బయటి నెత్తురు కలిసింది, ఆఖరున తెచ్చిన రొయ్యలేవో, మొక్కలతో పాటు వచ్చిన పిల్లలేవో గుర్తుచేసుకోండి. పిల్లలు, పెద్దవి అన్నీ కలిసి పాలిపోతే పుస్తకం మూసి ముందు నీళ్లు పరీక్షించండి.

తీసేసినవి ఏం చేయాలి?

చంపనక్కర్లేదు. రెండో ట్యాంకులో బతకనివ్వండి, నాచు తింటూ ఎంచక్కా ఉంటాయి. మొక్కల ట్యాంకులు పెంచేవాళ్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు సంతోషంగా తీసుకుంటారు. ఇచ్చేటప్పుడు ఏరివేతలో తీసినవని చెప్పి ఇవ్వండి, లేకపోతే రేపు అవే మేలు రకం పేరుతో ఇంకెవరి ట్యాంకుకో చేరతాయి. కాలువలో, చెరువులో, కుంటలో మాత్రం వదలకండి. మన నీళ్లకు అవి కొత్త జీవులు, ట్యాంకులోని జబ్బులూ వాటి వెంటే పోతాయి. కొరియర్‌లో పంపాలంటే సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా గాలి, పట్టుకుని కూర్చోవడానికి మాస్ ముక్క, ముందు రోజు పస్తు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వానల దాకా మాత్రం ఎవరు అడిగినా పంపకండి, వచ్చి పట్టుకెళ్లమనండి.